మనసు తుపాకికి దుర్భిణి

పొద్దున తొమ్మిదిన్నరకు మట్టెవాడలో రత్నం గన్ వర్క్స్ షట్టరు లేస్తుంది. లేపేది కీర్తన. లేపాక ఆమె చేసే మొదటి పని తండ్రి కుర్చీని గుమ్మం పక్కన వేయడం. రెండో పని బల్ల మీద పాత పేపరు పరిచి స్క్రూడ్రైవర్లు చిన్నదాని నుంచి పెద్దదాని దాకా వరుసగా పెట్టుకోవడం. మూడో పని వచ్చిన ప్రతివాడికీ "నాన్న లేడా అమ్మా?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పడం. రోజులో సగం ఈ మూడో పనికే పోతుంది.

నాన్న ఉంటాడు. తెల్ల చొక్కా వేసుకొని, మోకాళ్ల మీద చేతులు పెట్టుకొని, గుమ్మం పక్కనే ఉంటాడు. ఆ చేతులు వణుకుతాయి. నాలుగేళ్ల కింద కుడిచేయి మొదలుపెట్టింది, దాన్ని చూసి ఎడమది నేర్చుకుంది. అప్పటినుంచి ఆ దుకాణంలో బాగైన ప్రతి తుపాకీ కీర్తన చేతిలోనే బాగైంది. అయినా తెచ్చినవాళ్లు దాన్ని ఆమె తల మీదుగా రత్నానికే చూపిస్తారు. రత్నం "ఆఁ, ఆడ పెట్టి పో, పొద్దుగూకినంక రా" అంటాడు. వాళ్లు సాయంత్రం వచ్చి రత్నానికే దండం పెట్టి తీసుకుపోతారు.

"నాన్నా, ఒక్కసారన్న చెప్పొద్దా, పిల్ల చేసిందని?"

"చెప్తె మల్ల రారు బిడ్డా."

"రాకపోతె పోనీ! చేసేది నేను, దండాలు నీకా?"

"ప్రభువుకు తెలుసు గద, ఎవలు చేసిన్రో."

"ప్రభువు వచ్చి లైసెన్సు ఆఫీసుల చెప్తడా మరి?"

చెప్పాల్సిన అవసరం నిజంగానే వచ్చింది. దుకాణం లైసెన్సు రత్నం పేరు మీద ఉంది. వణికే చేతులకు డాక్టరు సర్టిఫికెట్ ఇవ్వనన్నాడు. కీర్తన పేరు మీదికి మార్చాలంటే తుపాకీ లైసెన్సు ఉన్నవాళ్లు ఇద్దరు, ఆమె పనిని స్వయంగా చూసి, సొంత దస్తూరీతో రాసివ్వాలని ఆఫీసులో చెప్పారు. గడువు సెప్టెంబరు మూడో శుక్రవారం, సాయంత్రం అయిదు. దాటితే దుకాణం మూతే. రత్నం ముందుచూపు గల మనిషి కాబట్టి మిషన్ బడిలో టీచరు పోస్టు కూడా మాట్లాడిపెట్టాడు. ఆ శుక్రవారం తెల్లవారి, అంటే శనివారం పది గంటలకు ఇంటర్వ్యూ.

మొదటి కాగితం సులువుగా దొరికింది. బ్యాంకు కావలి యాకయ్య డబల్ బ్యారెల్ పట్టుకొని వచ్చిన రోజు రత్నం ప్రార్థన కూటానికి పోయాడు. యాకయ్య విధిలేక కీర్తన పక్కనే నిలబడి, ఆమె పని చేస్తుంటే రెండు గంటలు చూశాడు. చూశాడు కాబట్టి రాసిచ్చాడు. మిగతావాళ్లను అడిగితే అందరిదీ ఒకటే మాట: "నాన్న చేసిండనుకున్నం గదమ్మా!" నాలుగేళ్ల పని కళ్లముందే ఆవిరైపోతే ఎవరికి మండదు? కీర్తనకు అరికాలి నుంచి మండింది.

అట్లాంటప్పుడు చంద్రమౌళి ఆటో దిగాడు.

ఆయన మండలాఫీసులో సూపరింటెండెంటుగా చేసి రిటైరైన మనిషి. ముప్పైనాలుగేళ్లు ఎదుటివాళ్ల కాగితాల మీద ఎర్రసిరాతో తప్పులు దిద్దాడు. చంకలో బొంతతో చుట్టిన పొడవాటి మూట. లోపలికి వచ్చి రత్నాన్ని చూశాడు, బల్లను చూశాడు, కీర్తన గోళ్లలో నల్లటి నూనెను చూశాడు.

"ఈడ పని చేసేదెవలు?"

"నేనే సార్."

"అయితె నీతోనే మాట్లాడ్త."

కీర్తనకు మనసు చల్లబడింది. రాబోయే నెల రోజుల్లో మళ్లీ చల్లబడదని ఆమెకు తెలియదు.

బొంత విప్పితే లోపల వందేళ్ల కిందటి వేట రైఫిలు. ఇంగ్లండులో చేసింది. గొట్టం ఎర్రగా తుప్పు పట్టింది. గుండు ఎక్కించే బోల్టు కదలదు. భుజానికి ఆనించే చెక్క బట్టు పగిలితే ఎవరో రాగి తీగతో కట్టారు. గొట్టంలోంచి చూస్తే అవతలి వెలుతురు కాదు, సాలీడు గూడు కనిపించింది.

"మా తాతది. ములుగు అడవులల్ల చిరుతలను కొట్టిండు. ఒక్క గుండు దండుగ చెయ్యలే. మా నాన్న ముట్టలే. నా పేరు మీదికి వచ్చి ఇరవైరెండేండ్లయింది. నేనూ ముట్టలే."

"మరి ఇప్పుడెందుకు సార్?"

"అడవిపందులను కొట్టే సర్కారు షూటర్ల లిస్టుల నా పేరు పడ్డది. మా ఊరి ఎల్లస్వామి పెట్టిచ్చిండు, ఫలానాయన మనుమడని. వాని మక్కచేను మొత్తం పందులు దున్నుతానయ్. దీన్ని కొత్తదాని లెక్క చేసి, మీద దుర్భిణి పెట్టాలె."

"స్కోపా?"

"దుర్భిణి," అన్నాడు ఆయన, తప్పు దిద్దే గొంతుతో.

కీర్తన తన కాగితం సంగతి చెప్పింది. చంద్రమౌళి కళ్లజోడు పెట్టుకొని ఆఫీసు వాళ్లిచ్చిన ఫారాన్ని రెండువైపులా చదివాడు. జేబులోంచి పెన్ను తీసి అక్కడికక్కడే గుండ్రటి అక్షరాలతో రాశాడు: *కుమారి కీర్తన దుర్భిణి అమర్చిన పిమ్మట గురి కుదిరినది.* కింద సంతకం చోటు వదిలేసి, మడిచి ఆమె చేతిలో పెట్టాడు.

"సంతకం, సార్?"

"కుదిరినంక చేస్త. కానిది అయిందని నా జిందగీల ఎన్నడు రాయలే."

న్యాయమే అనుకుంది కీర్తన. ఆ మాట అనుకున్నందుకు తర్వాత తనను తాను చాలాసార్లు తిట్టుకుంది.

పదిహేను రోజులు ఆ రైఫిలు తప్ప ఆమెకు వేరే లోకం లేదు. బోల్టును నూనెలో నానబెట్టి నాలుగో రోజుకు కదిలించింది. తుప్పును మెత్తటి ఉక్కుపీచుతో, గీత పడకుండా, జిల్లేడాకు తుడిచినంత మెల్లగా గీకింది. గొట్టంలో ఇత్తడి బ్రష్షు నడిపి గుడ్డపేలికలు దూర్చింది. మొదటి పేలిక బురద లెక్క వచ్చింది, నలభయ్యోది తెల్లగా వచ్చింది. బట్టు పగులును లోపలినుంచి అతికి, పాత వార్నిషు తీసి, అవిసెనూనె అరచేత్తో పొద్దుకొకసారి రుద్దింది. ఆ చెక్క మెల్లగా తన ఎరుపు తాను గుర్తుచేసుకుంది.

స్కోపు దగ్గర అసలు పరీక్ష. దాన్ని నిలబెట్టే దిమ్మెల కోసం రైఫిలు నెత్తిన నాలుగు బెజ్జాలు వేయాలి. ఆ కాలపు ఉక్కు రాయి కన్నా మొండిది. మూడు డ్రిల్ బిట్లు విరిగాయి. విరిగిన ప్రతిసారీ కుర్చీలోంచి రత్నం, "మెల్లగ బిడ్డా" అన్నాడు.

"మెల్లగనే తిప్పుతాన నాన్నా!"

"ఇంక మెల్లగ."

"ఇంక మెల్లగంటె ఆపుడే!"

నాలుగో బిట్టుతో బెజ్జాలు దిగాయి. మరలు కోసి, దిమ్మెలు బిగించి, పైన స్కోపు పెట్టి, బోల్టు తీసి గొట్టంలోంచి ఎదురు మేడ మీది నీళ్లట్యాంకు మూతను చూసింది. తర్వాత స్కోపులోంచి చూసింది. అడ్డగీతా నిలువుగీతా అదే మూత నడుమ కలుసుకున్నాయి.

ఊరవతల ఫైరింగ్ రేంజిలో పర్మిషన్ తీసుకొని ముగ్గురూ కలిశారు. మూడో మనిషి రేంజి చూసే హెడ్ కానిస్టేబుల్ శ్యాంసుందర్. ఆయనకు లోకంలో ఒక్కటే ముఖ్యం, ఆయన రిజిస్టరు. పేల్చిన ప్రతి గుండుకూ ఒక గీత, అందులో ఆఖరి గడి: తగిలిన చోటు. ఆ గడి ఖాళీగా ఉంటే ఆయనకు అన్నం దిగదు.

ముందు కీర్తన పేల్చింది. మూడు గుండ్లు, గురి అట్ట మీద రూపాయిబిళ్లంత చోట.

"నడుమ, నడుమ, నడుమ," అని రాసుకున్నాడు శ్యాంసుందర్. "శబాష్ చెల్లె."

తర్వాత చంద్రమౌళి పడుకొని, స్కోపులో కన్ను పెట్టి, చాలాసేపు చూసి పేల్చాడు. అట్టకు తగల్లేదు. వెనక మట్టికట్ట మీద దుమ్ము కూడా లేవలేదు. ఆయన జేబులో ఫోను మోగింది. భార్య రమ. స్పీకరులో పెట్టాడు.

"ఇగో, మీ గుండు ఇడ్లిపిండిల పడ్డది. తీసి కడిగి పెట్టిన. పిండి వాడుకోవచ్చునా, పారబొయ్యాల్నా?"

"వాడుకో, వాడుకో."

"పొద్దున తినకుంట పోతె గిట్లనే అయితది," అని ఆమె పెట్టేసింది.

శ్యాంసుందర్ పెన్ను ఎత్తాడు. "ఏ ఏరియా సార్ ఇల్లు?"

"హన్మకొండ."

*ఇడ్లీ పిండి, హన్మకొండ* అని గడి నింపాడు.

కీర్తన నడుం మీద చేతులు పెట్టుకుంది. "సార్. ఇది మనసు తుపాకా?"

"అవునమ్మా."

"ముందుగాల చెప్పొద్దా?"

"నువ్వు అడగలే గద."

మనసు తుపాకులను రత్నం తన జన్మలో రెండింటిని బాగుచేశాడు. వాటి గుండు కన్ను చూసిన చోటికి కాక మనసున్న చోటికి పోతుంది. కొట్టాలన్న మనసు వెంట ఉంటేనే దానికి వాడి. లేకపోతే పండిన రేగుపండు రాలినట్టు ఎక్కడో రాలుతుంది, ఎవరికీ దెబ్బ తగలదు. అందులో ఆశ్చర్యం ఏమీ లేదు. కీర్తన ఒళ్లు మండింది వేరే సంగతికి: మనసు తుపాకికి గ్రీజు పెట్టరు, నువ్వుల నూనె పెడతారు. ఆ ముక్క ముందే చెప్తే సరిపోయేది. ఇప్పుడు మొత్తం విప్పి, తుడిచి, మళ్లీ పెట్టాలి.

"మనసు తుపాకికి స్కోపెందుకు సార్ అసలు?"

"దగ్గరికి కనవడితె మనసు నిలుస్తదని. మా తాతకు మనసు ఒక్కటే ఉండె, ఎటు వెడితె అటు నిలిచేది. నాది జర సంచారం చేస్తది."

"మరి సంతకం?"

"కుదరలే గదమ్మా."

వారం తిరిగేలోపు నువ్వుల నూనెతో మళ్లీ తయారుచేసి తెచ్చింది. ఈసారి చంద్రమౌళి కడుపునిండా తిని వచ్చాడు. పేల్చాడు. అట్ట శుభ్రంగా ఉంది. రెండు నిమిషాలకు ఆయన పాత ఆఫీసు నుంచి, ఆయన కుర్చీలోకి వచ్చిన శేఖర్ ఫోను చేశాడు.

"సార్, నమస్తే. మీ గుండు వచ్చింది. టేబులు సొరుగుల, స్టాంపు ప్యాడు పక్కన పడ్డది. మనిషితోని పంపియ్యమంటరా?"

"ఉండనియ్ శేఖర్. అన్నట్టు, ఆ ఎడమచేతి సొరుగు ఇంకా ఇరుక్కుంటాందా?"

"ఇరుక్కుంటనే ఉన్నది సార్."

"జర కొవ్వొత్తి రుద్దు."

శ్యాంసుందర్ "సొరుగు కుడిదా ఎడమదా సార్?" అని అడిగి రాసుకున్నాడు. చంద్రమౌళి కీర్తన వైపు తిరిగి, "దుర్భిణి జర ఎడమకు ఉన్నట్టున్నది" అన్నాడు.

ఎడమకట! ఆయన మనసు రిటైరైన ఆఫీసులో కొవ్వొత్తి రుద్దుకుంటూ కూచుంటే దుర్భిణి ఎడమకట! కీర్తన పళ్లు నూరుకుంటూ ఆయన ఎదుటే మళ్లీ పేల్చింది. నడుమ. ఇంకోటి పేల్చింది. నడుమ. ఆమె చిరాకు మీదుంటే మనసు ఎటూ పోదు, చిరాకు పెట్టినదాన్ని కరుచుకొని కూర్చుంటుంది. అట్ట మీది నల్లచుక్కకు ఆయన ముఖం వచ్చినట్టు అనిపించింది గానీ, ఆ ఆలోచన పూర్తికాకముందే బుద్ధిగా రైఫిలు దించేసింది.

"నీకు తగులుడు కాదమ్మా, నాకు తగలాలె," అన్నాడు చంద్రమౌళి.

ఇంటికొచ్చాక రత్నం ఇంటర్వ్యూకు కట్టుకోవాల్సిన చీర ఇస్త్రీ చేయించి తెచ్చాడని తెలిసింది.

"నాన్నా, ఇంక వారం ఉన్నది!"

"ఉన్నది బిడ్డా. మడతలు పోతయని ముందుగాల చేయించిన."

మూడోసారి గడువుకు రెండు రోజుల ముందు. మబ్బు పట్టిన మధ్యాహ్నం. ముందు కీర్తన ఆరు గుండ్లు నడుమ కొట్టి చూపించింది. చంద్రమౌళి కళ్లు మూసుకొని, ఊపిరి పీల్చి, పంది, పంది, పంది అని పైకే అనుకుంటూ కన్ను తెరిచి పేల్చాడు. ఈసారి ఫోను ఎల్లస్వామిది. వెనక గాలికి మక్క ఆకులు గరగరమంటున్నాయి.

"సారూ! అచ్చింది గుండు!"

చంద్రమౌళి లేచి కూచున్నాడు. శ్యాంసుందర్ పెన్ను మూత తీశాడు.

"తగిలిందా?"

"తగల్లే సారూ. నడిచేన్ల పంది పండుకోని పిల్లలకు పాలిస్తాంది. సక్కగ దాని మూతి ముంగట పడ్డది. మూతి తోని నూకి సూసింది. తినేది గాదని మల్ల పండుకున్నది. ఇంకొకటి కొట్టుండ్రి సారూ, జర మనసు పెట్టి!"

"పిల్లలెన్ని?" అన్నాడు చంద్రమౌళి.

"ఏడో ఎనిమిదో. ఎందుకు సారూ?"

"ఊకెనే."

కీర్తన ఆయన ముఖం చూసింది. అందులో నిరాశ లేదు. పరీక్ష వాయిదా పడిందని విన్న పిల్లవాడి ముఖంలో ఉండేదే ఉంది. ఆ క్షణంలో ఆమెకు నెల రోజుల సంగతి మొత్తం అర్థమైంది. అర్థమైనందుకు చిరాకు తగ్గాల్సింది పోయి రెండింతలైంది. మూడు బిట్లు, నలభై పేలికలు, రెండుసార్లు విప్పి బిగించడం, అన్నీ ఒక మనిషి ఇంటా బయటా చెప్పుకోలేని ఒక్క మాట కోసం! అయినా ఇంకా శుక్రవారం ఉంది. శ్యాంసుందర్ మాత్రం "పంది మూతి ముందర" అని రాసి, ఊరి పేరు అడిగాడు.

శుక్రవారం రేంజికి వచ్చేసరికి నాలుగు కావస్తోంది. చంద్రమౌళి ఆలస్యంగా వచ్చాడు, ఆటో దొరకలేదట. కీర్తన బండి మీద ముందే వచ్చి నిలబడింది. నీలం ఏప్రను జేబులో చిన్న పానాలు, మెడలో సంచి, సంచిలో సంతకం లేని కాగితం. ఇక్కడినుంచి ఆఫీసుకు అరగంట. అయిదుకు తలుపు మూస్తారు.

"సార్, ఒక్క మాట. ముందుగాల సంతకం చేసి తర్వాత ఎంతసేపన్న కొట్టుండ్రి."

"కానిది ఎట్ల రాస్తనమ్మా?"

"నేను మీ ముంగటనే పదిసార్లు కొట్టిన. పదిసార్లు నడుమ తగిలింది. రిజిస్టరున్నది. అన్నా, చెప్పు!"

"పదకొండు," అన్నాడు శ్యాంసుందర్.

"అది నీ గురి. నేను రాసింది..."

"మీరేం రాసిన్రు?" కీర్తన కాగితం బయటకు లాగింది. ఇక ఆగదల్చుకోలేదు. "చదువుండ్రి. 'గురి కుదిరినది.' ఎవలకు కుదిరింది? దేని మీద? రాయలే! ముప్పైనాలుగేండ్లు ఊరందరి కాగితాలు దిద్దిన్రు, మీ వాక్యానికి కర్త లేడు సార్!"

చంద్రమౌళి కళ్లజోడు సర్దుకొని కాగితం అందుకున్నాడు. చదివాడు. మళ్లీ చదివాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"ఇంకో మాట చెప్త, కోపం చేసుకోకుండ్రి," అంది కీర్తన, తానే కోపంతో ఊగిపోతూ. "మీరు చంపలేరు. కోడిని కూడ కొయ్యలేరు. అవునా కాదా?"

ఆయన బొంత కొస మడత సర్దాడు.

"చంపలేకపోవుడు తప్పు కాదు సార్. మీ తాత వేరు, మీరు వేరు. ఆ ముక్క ఎల్లస్వామికి చెప్తె అయిపాయె. వాడు వేరేవాళ్లను చూసుకుంటడు, వాని చేనన్న దక్కుతది. చెప్పలేక, చంపలేని మనసు మీద స్కోపు పెట్టుమని నన్ను నెలరోజులు తిప్పిన్రు చూడుండ్రి, గది తప్పు! మీ మనసు నిలవకపోతె నా దుకాణం మూతపడాల్నా? రేపు పదిగంటలకు నేను చీర కట్టుకోని ఏ ఫర్ ఆపిల్ చెప్పాల్నా?"

శ్యాంసుందర్ రిజిస్టరు మీదికి వంగి, లేని దుమ్మును ఊదుకున్నాడు.

చంద్రమౌళి, "కోడి కోస్తుంటె గూడ నేను బజారుకు పోత," అన్నాడు. "మా తాత నన్ను అందుకే ఎన్నడు వెంట తీసుకపోలే." తర్వాత కాగితాన్ని జాగ్రత్తగా మడిచి కీర్తనకు ఇచ్చి, రైఫిలు అందుకొని, బొంత మీద పడుకున్నాడు.

"సార్, నాలుగుంబావు అయింది..."

"ఒక్కటే. ఇదే ఆఖరుది."

కీర్తన ఆకాశం వైపు చూసింది. ఇంత చెప్పినా! ఈ మనిషికి చెప్పడం కన్నా ఆ మట్టికట్టకు చెప్పడం నయం. ఏప్రను జేబులో చేతులు దోపుకొని, ఇప్పుడు గుండు ఎక్కడ రాలుతుందో అనుకుంటూ నిలబడింది. భార్య కుట్టుమిషను మీదా? ఆటోవాడి చిల్లర డబ్బాలోనా? ఎనుమాముల మార్కెట్ యార్డులో మిరప బస్తాల మీదనా?

ఆయన ఈసారి పంది పంది అనలేదు. కళ్లు మూసుకోలేదు. స్కోపులోంచి మామూలుగా, అద్దంలో ముఖం చూసుకున్నట్టు చూశాడు. పేల్చాడు.

అట్టకు తగల్లేదు. దుమ్ము లేవలేదు. ఫోను మోగలేదు.

ముగ్గురూ ఫోను వైపే చూశారు. అది మోగనే లేదు.

"ఏందిది?" అన్నాడు శ్యాంసుందర్, గొంతులో మొదటిసారి కంగారుతో. "గడి ఖాళీ పెట్టరాదు నాకు!"

అప్పుడు కీర్తన వేళ్లకు పానాల మధ్య ఏదో తగిలింది. నున్నగా, గోరువెచ్చగా. బయటకు తీసింది. అరచేతిలో గుండు, కొస కూడా చెదరలేదు.

చంద్రమౌళి బొంత మీదినుంచి మోచేతుల మీద లేచి, ఆమె అరచేతిని చూశాడు.

"సార్," అంది కీర్తన మెల్లగా, "ఏమనుకున్నరు?"

"ఏమనుకోలే." ఆయన లేచి మోకాళ్లకు అంటిన మట్టి దులుపుకున్నాడు. "దుర్భిణిల చూసిన. రెండు గీతలు కదలకుంట, జారకుంట ఒక్క కాడ నిలిచి ఉన్నయ్. నా చెయ్యి వణికినా అవి వణుకుత లేవు. గింత సక్కగ ఎట్ల పెట్టిందో ఈ పిల్ల, అనుకున్న. అంతే. అప్పుడే ట్రిగ్గర్ నొక్కినట్టున్న."

"ఏం రాయాలె నేను?" అన్నాడు శ్యాంసుందర్.

"ఆగు. ముందుగాల నేను రాయాలె."

చంద్రమౌళి కాగితం అడిగి తీసుకున్నాడు. శ్యాంసుందర్ బల్ల మీద పెట్టుకొని, పెన్ను మూత తీసి, తాను రాసిన వాక్యాన్ని చూశాడు. ఎదుటివాళ్ల కాగితాల్లో ఆయన కొన్ని వేల హంసపాదులు పెట్టి ఉంటాడు. సొంత వాక్యంలో ఎన్నడూ పెట్టలేదు. 'పిమ్మట' తర్వాత పెన్ను ఆనించి, చిన్న హంసపాదు గీసి, వరుస పైన ఇరుకు చోటులో గుండ్రంగా రాశాడు: *నాకు ఆమె పని మీద.*

*కుమారి కీర్తన దుర్భిణి అమర్చిన పిమ్మట నాకు ఆమె పని మీద గురి కుదిరినది.*

కింద సంతకం. తేదీ. పక్కన కుండలీకరణాల్లో పూర్తి పేరు. లైసెన్సు నంబరు. తర్వాత హంసపాదు పక్కన, దిద్దుబాటు తనదేనని తెలిసేలా, ఇంకో పొట్టి సంతకం.

"జల్ది సార్!" అంది కీర్తన.

"దిద్దుబాటు కాడ సంతకం లేకుంటె వాపస్ కొడ్తరమ్మా. నేనైతె కొడుదు."

నాలుగూ యాభై ఆరుకు ఆమె ఆఫీసు మెట్లెక్కింది. అక్కడి సారు కాగితాన్ని తిప్పితిప్పి చూశాడు. హంసపాదు దగ్గర ఆగాడు. పక్కన పొట్టి సంతకం చూసి తలూపి, ముద్ర గుద్దాడు. శనివారం పదిగంటలకు మిషన్ బడి వాళ్లు ఎదురుచూసి ఎదురుచూసి ఇంకొకరిని తీసుకున్నారు.

లైసెన్సు చేతికి రావడానికి మూడు వారాలు పట్టింది. ఈలోగా చంద్రమౌళి ఎల్లస్వామికి ఫోను చేసి ఉన్నమాట చెప్పేశాడు. ఎల్లస్వామి కాసేపు తిట్టి, యాకయ్యను పిలుచుకుపోయాడు. కీర్తన కొత్త లైసెన్సును అద్దం కట్టించి గోడకు కొట్టిన రోజున, షట్టరు లేపి గంట కాకముందే, గుమ్మం ముందు ఆటో ఆగింది. చంకలో బొంత మూట.

"ఏమైంది సార్? మల్ల ఏమైంది?"

"ఏం కాలేదమ్మా. బాగున్నది. గోడకు పెట్టుకుంటాన. గని తాత ఫోటోల దీని మీద ఏం లేదు. పక్కపక్కన పెడ్తె అదొక తీరుగ ఉన్నది." చంద్రమౌళి మూటను బల్ల మీద పెట్టాడు. "జర ఆ దుర్భిణి తీసెయ్యరాదూ?"

కీర్తనకు మూడు బిట్లు గుర్తొచ్చాయి. నలభై పేలికలు గుర్తొచ్చాయి. తన పేరు మీద మొట్టమొదటి పని ఇదా, తాను పెట్టింది తానే పీకడం! విసురుగా రైఫిలును బల్లకు బిగించి, పానా తీసుకొని మొదటి మర మీద పెట్టి తిప్పింది.

కదలలేదు.

రెండోది. కదలలేదు. మూడోది, నాలుగోది. పానాకు గొట్టం తొడిగి బలమంతా పెట్టింది. ముఖం ఎర్రబడింది గానీ మర వెంట్రుకవాసి తిరగలేదు.

"ఎవలు బిగించిన్రో గని..." అని పళ్లు కొరుక్కుంటూ అనబోయి ఆగిపోయింది.

గుమ్మం పక్కన కుర్చీ కిర్రుమంది. రత్నం నాలుగేళ్ల తర్వాత బల్ల దగ్గరికి వచ్చాడు. ఆమె చేతిలోంచి పానా తీసుకొని, వణికే రెండు చేతులతో మర మీద ఆనించి ఒక్కసారి తిప్పి చూశాడు. మర చలించలేదు. దాన్ని పట్టుకున్న ఆ చేతులు కూడా, పట్టుకున్నంతసేపూ, వణకలేదు.

"ఇది రాదు సారూ," అన్నాడు రత్నం చంద్రమౌళితో, పానాను కూతురి చేతిలో తిరిగి పెడుతూ. "మా మెకానిక్ బిగించింది."